డిప్లొమా ఉద్యోగం మానేసి బీటెక్‌లో చేరితే లాభమా?

ప్రశ్న: మాది అనంతపురం పక్కన రాప్తాడు. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేసి, రెండేళ్లుగా పెనుకొండ దగ్గర కారు విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. చేతికి 18,000 వస్తాయి. రూమూ మెస్సూ పోగా నెలకు 10,000 ఇంటికి పంపుతాడు. ఈసారి ఈసెట్‌లో మంచి ర్యాంకు రావడంతో ఉద్యోగం మానేసి బీటెక్ చేస్తానంటున్నాడు. మా ఆయనేమో పని వచ్చినవాడికి డిగ్రీ ఎందుకంటారు. ఎకరా మెట్ట పొలం అమ్మాలా, రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తేవాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు మీ అబ్బాయి పే స్లిప్ తెప్పించుకుని చూడండమ్మా. పైన ఎవరి పేరుంది? ఫ్యాక్టరీదా, మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరుదా? హోదా దగ్గర ఏం రాశారు?

ఇంతగా ఎందుకు అడుగుతున్నానంటే, ఈ మధ్య సప్తగిరి సర్కిల్ దగ్గరున్న మా ఆఫీసుకు ఒక కుర్రాడు వచ్చాడు. నాలుగేళ్లు మెషీన్ మీద నిలబడి పనిచేశాడు, చిన్న చిన్న రిపేర్లు కూడా తనే చేసుకోగలడు. చేతిలో ఉన్న సర్టిఫికెట్ మాత్రం కాంట్రాక్టరు పేరు మీద ఉంది, అందులో హోదా ‘హెల్పర్’. ఇంకో కంపెనీకి వెళ్తే మళ్లీ మొదటి జీతం నుంచే మొదలుపెట్టమన్నారు. పని వచ్చు, కానీ వచ్చని చెప్పే కాగితం లేదు. మీవాడు కంపెనీ రోల్స్‌లో ఉండి, ఏటా ఇంక్రిమెంట్ పడుతుంటే మీ ఆయన మాటకు బలముంది. కాంట్రాక్టు మీద ఉంటే ఆ రెండేళ్ల అనుభవాన్ని చూసుకుని ఆగిపోనక్కర్లేదు.

ఇక లెక్కకు వద్దాం. డిప్లొమా వాళ్లు ఈసెట్‌తో నేరుగా రెండో ఏడాదిలో చేరతారు కాబట్టి చదువు మూడేళ్లే. అనంతపురంలోనే, అంటే జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలోనో ఇంకో మంచి కాలేజీలోనో కన్వీనర్ కోటా సీటొచ్చి, మీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తే ఫీజు భారముండదు. ఇంటి నుంచే బస్సులో వెళ్లొస్తాడు కాబట్టి హాస్టల్ ఖర్చూ ఉండదు. మీకు ఆగిపోయేది నెలకు 10,000, మూడేళ్లకు 3,60,000. బస్సు పాసు, పుస్తకాలు, పరీక్ష ఫీజులకు ఇంకో 60,000 వేసుకోండి. మొత్తం 4,20,000.

అలా కాకుండా దూరాన ఉన్న కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటనుకోండి. ఏడాదికి ఫీజు 70,000, హాస్టల్ 80,000 అనుకున్నా పైన ఇంకో నాలుగున్నర లక్షలు పడతాయి. మొత్తం 8,70,000.

బీటెక్ అయ్యాక వచ్చే జీతం, అప్పటికి డిప్లొమాతోనే చేరుకునే జీతం కన్నా 5,000 ఎక్కువ ఉంటుందనుకుందాం. మొదటి దారిలో పెట్టింది తిరిగి రావడానికి ఏడేళ్లు. రెండో దారిలో పద్నాలుగున్నరేళ్లు, అదీ వడ్డీ కలపకుండా! డిగ్రీ ఒకటే, దాని ఖరీదే వేరు. అందుకే మొదటి రకం సీటొస్తే చేరమనండి. మేనేజ్‌మెంట్ సీటు కోసమైతే ఉన్న ఉద్యోగమే నయం.

గవర్నమెంటు ఉద్యోగం మనసులో ఉందేమో కూడా అడగండి. రైల్వే జూనియర్ ఇంజినీర్ (జేఈ) పరీక్షకు డిప్లొమా చాలు. గ్రూప్-2కు, బ్యాంకు పీవోకు డిగ్రీ లేకపోతే అప్లికేషనే పెట్టలేడు, పదేళ్ల అనుభవమున్నా సరే.

పొలం జోలికి మాత్రం పోవద్దు. మూడేళ్ల చదువు కోసం అమ్మిన ఎకరాను మళ్లీ కొనగలిగినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. రెండు లక్షలకు నెలకు 4,000 చొప్పున మూడేళ్లకు 1,44,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. డబ్బు తక్కువైతే విద్యా రుణానికి వెళ్లండి. మామూలు విద్యా రుణ పథకంలో నాలుగు లక్షల దాకా తాకట్టు అడగరు. చదువయ్యాక ఏడాది వరకు వాయిదాలు కట్టక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 4,50,000 లోపుంటే ఆ కాలానికి వడ్డీని కేంద్రమే భరించే పథకం కూడా ఉంది. దానికి కాలేజీకి న్యాక్ గానీ కోర్సుకు ఎన్‌బీఏ గానీ (చదువు నాణ్యతను చూసి ఇచ్చే) గుర్తింపు ఉండాలి, చేరకముందే చూసుకోండి. రీయింబర్స్‌మెంట్ డబ్బు ఆలస్యమై, కాలేజీవాళ్లు ముందు మీరే కట్టమనే రోజులూ వస్తాయి. దానికోసం ఇంట్లో ఉన్న బంగారాన్ని కదపకుండా ఉంచుకోండి. బ్యాంకులో పెడితే సాధారణంగా రూపాయి లోపు వడ్డీకే దొరుకుతుంది.

ఉద్యోగం మానేటప్పుడు రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం అడిగి తీసుకోమనండి. అందులో చేసిన పని పేరు రాయించుకోవాలి. పీఎఫ్ డబ్బు తీసేయొద్దని గట్టిగా చెప్పండి. 2024-25కు దానిమీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు, మీ ఊళ్లో ఏ బ్యాంకు డిపాజిట్టూ అంత ఇవ్వదు. అలాట్‌మెంట్ లెటర్ చేతికొచ్చి, అది ఏ కాలేజో చూసుకున్నాకే రాజీనామా. అప్పటిదాకా షిఫ్టుకు వెళ్తూనే ఉండమనండి.