మందు మానాలనుకునే తమ్ముడికి, మీటింగు వెతుక్కోవడం గురించి

తమ్ముడూ,

మందు మానేస్తాను, మానేవాళ్ల మీటింగు ఎక్కడ దొరుకుతుందో చెప్పన్నా అని అడిగావు. చెప్తాను గానీ, ముందు ఒళ్లు సంగతి చూసుకో. పొద్దున లేవగానే చేతులు వణికి, పెగ్గు పడితే తప్ప ఆగని స్థితిలో ఉంటే మాత్రం ఇంట్లో కూర్చుని ఒక్కసారిగా ఆపేయొద్దు. బాగా అలవాటు పడ్డ ఒంట్లో కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక లేనివి కనిపించడం, ఎక్కడున్నామో తెలియకపోవడం మొదలైతే ప్రాణం మీదికొస్తుంది. అందుకని ఆపేముందే ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ ఓపీకి వెళ్లు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో పెదవాల్తేరు మానసిక ఆసుపత్రులున్నాయి. పేరు చూసి సిగ్గుపడకు. రోజుకి ఎంత తాగుతావో, ఆఖరుసారి ఎప్పుడు తాగావో తగ్గించకుండా చెప్పు. మాత్రల డోసు దాన్ని బట్టే ఉంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు సీసా ఎక్కించుకుని వచ్చేయొద్దు. ఏళ్లుగా తాగినవాళ్ల ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఒక్కటే ఎక్కిస్తే మెదడుకి ముప్పు.

ఇక మీటింగు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కూర్చునే సంఘం పేరు ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు, ఇద్దరూ తాగుడుకి బానిసలైనవాళ్లే, ఒకరినొకరు పట్టుకుని నిలబడటంతో మొదలైంది. ఇప్పటికీ పద్ధతి అదే. అక్కడ డాక్టరుండడు, ఫీజుండదు, పేరు రాసుకోరు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు. లక్షల ప్యాకేజీ చెప్పి, మాది ఏఏ సెంటరని ఎవరైనా అంటే నమ్మకు. కొన్ని డీఅడిక్షన్ సెంటర్లలో ఏఏ వాళ్లొచ్చి మీటింగు పెడతారు గానీ, ఏఏ తనంతట తాను ఏ సెంటరూ నడపదు.

వెతకడానికి ఏఏ ఇండియా వెబ్‌సైటు చూడు. లేదంటే మత్తు అలవాటు మానడానికి సాయపడే కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ 14446కి ఫోన్ చెయ్. మనసు కుంగిపోయినట్టుంటే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చెయ్, తెలుగులోనే మాట్లాడతారు. నువ్వు చూపించుకున్న సైకియాట్రీ వార్డులో కౌన్సిలర్‌ని కూడా అడుగు. దగ్గర్లో ఏ గ్రూపు సజీవంగా నడుస్తోందో తరచూ వాళ్లకే బాగా తెలుస్తుంది.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. లిస్టులో అడ్రసు చూసి నేరుగా బయల్దేరతారు. గ్రూపు గది మారి ఉంటుంది, లేదా రోజు మారి ఉంటుంది. గేటుకి తాళం చూసి తిరిగొస్తుంటే దారిలో వైన్ షాపు ఎదురవుతుంది. అందుకని ముందు ఫోన్ చేసి అడుగు: ఏ రోజు, ఎన్నింటికి, ఏ భాషలో, ఓపెనా క్లోజ్డా? ఓపెన్ మీటింగుకి ఎవరైనా రావచ్చు, క్లోజ్డ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఏ గేటులోంచి రావాలో, ఎన్నో గదో కూడా అడుగు. చర్చి వెనక హాలో, స్కూలు గదో ఉంటుంది, చిన్న బోర్డు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. 'కొత్తవాణ్ణి, గేటు దగ్గర ఎవరైనా కలుస్తారా' అని అడుగు, సాధారణంగా ఎవరో ఒకరు నిలబడతారు. పావుగంట ముందే వెళ్లు. వైన్ షాపూ బెల్టు షాపూ తగలని దారి ముందే చూసుకో, కాస్త చుట్టైనా సరే.

గంటా, గంటన్నర ఉంటుంది. ఏదో కొంత చదువుతారు, తర్వాత ఒక్కొక్కరూ తమ సంగతి చెప్తారు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహా ఇవ్వరు. నీ వంతొస్తే 'ఈ రోజు వింటాను' అను, ఎవరూ బలవంతపెట్టరు. చివర్లో చందా డబ్బా తిరుగుతుంది, కొత్తవాడివి, వెయ్యకపోయినా ఫరవాలేదు. ప్రార్థన, దేవుడు అని వినపడితే ఇదేదో మతమని లేచి వచ్చేయకు. నమ్మకం లేనివాళ్లూ ఏళ్లుగా కూర్చుంటున్నారు.

మొదటి మీటింగుతో తీర్పు ఇవ్వకు. ఒక గ్రూపులో అందరూ ఇంగ్లీషులో మాట్లాడొచ్చు, ఇంకోదాంట్లో ముగ్గురే ఉండొచ్చు. రెండు మూడు వేర్వేరు గ్రూపుల్లో ఆరేడు సార్లు కూర్చున్నాక చూడు. దగ్గర్లో లేకపోతే ఆన్‌లైన్ మీటింగులున్నాయి. అయితే వీలైనప్పుడల్లా మనుషుల మధ్యకి వెళ్లు. వీడియో ఆపేసి పక్కకు జరగడం ఇంట్లో చాలా తేలిక.

టీ తాగేటప్పుడు ఇద్దరి ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకో. మీటింగులో అన్నిటికన్నా పనికొచ్చేది అదే. జీతం పడ్డ సాయంత్రం, పెళ్లి, పండగ, ఇంట్లో గొడవ — ఇలాంటప్పుడు మొదటి గుక్క పడకముందే ఫోన్ చెయ్యాలి. తాగాక చేసినా ఎత్తుతారు, కానీ అప్పటికి మాట తలకెక్కదు. ఏమీ లేని రోజున ఒకసారి ఊరికే చేసి మాట్లాడు, అవసరం పడ్డప్పుడు మొహమాటం అడ్డురాదు. కొన్నాళ్లు చూశాక, నువ్వు నమ్మే మనిషిని స్పాన్సర్‌గా, అంటే నీకు దారి చూపే పాత సభ్యుడిగా, ఉండమని అడుగు.

తప్పిపోయి తాగినా మర్నాడు వెళ్లు. తాగి వెళ్లినా గొడవ చేయనంతవరకు సాధారణంగా బయటికి పంపరు, మౌనంగా కూర్చో.

మరదలికి అల్-అనాన్ గురించి చెప్పు. తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం నడిచే వేరే మీటింగు అది. పెద్దవాడికి పదమూడు దాటింది కదా, టీనేజీ పిల్లలకి అలటీన్ ఉంది. నువ్వు మానినా మానకపోయినా వాళ్లు వెళ్లొచ్చు, నీ అనుమతి కోసం ఆగక్కర్లేదు. ఈ ఉత్తరం ఆమెక్కూడా చదవమను.

నీ పెద్దన్న