డ్రెయిన్ బోల్టు బిగించడం వైజాగ్‌లోనే నేర్చుకుని రండి

ఆగస్టులో అమెరికా విమానం ఎక్కబోతున్న మా మేనల్లుడు మొన్న అడిగాడు, "మావయ్యా, అక్కడ సెకండ్ హ్యాండ్ బైకు కొంటే సర్వీసింగ్‌కి ఎంతవుతుంది?" అని. ఏడాదికి ఐదారుగురు కుర్రాళ్ళు నన్ను ఇదే అడుగుతారు, అందులో మన వైజాగ్ వాళ్ళే ఎక్కువ, భీమిలి రోడ్డు మీద బండి తోలిన చెయ్యి ఎక్కడికెళ్ళినా ఊరుకోదు కదా. లైసెన్సు, ఇన్సూరెన్సు, హెల్మెట్ గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను చెప్పేది ఒక్కటే. వెళ్ళే ముందు ఒక్కసారి మీ చేత్తో ఇంజిన్ ఆయిల్ మార్చండి, అదీ ఇక్కడే, మీ నాన్నగారి బండికి, మీ గుమ్మం ముందే. మొదటిసారి చేసే తప్పు ఇక్కడ చేస్తే రూపాయల్లో పోతుంది, అక్కడ చేస్తే డాలర్లలో పోతుంది.

నాకు డాలర్లలోనే పోయింది. నేను పెరిగింది మల్కాపురంలో. 1957లో కాల్‌టెక్స్ వాళ్ళు పెట్టిన రిఫైనరీ, ఇప్పటి హెచ్‌పీసీఎల్, మా పెరటి వెనకాలే ఉన్నట్టుండేది. నూనె వాసన పీలుస్తూ పెరిగాను గానీ ఇరవై ఏడేళ్ళు వచ్చేదాకా స్పానర్ పట్టిన పాపాన పోలేదు. అవసరమేముంది? సందు చివర మెకానిక్ దగ్గర బండి పెట్టి, పక్క కొట్లో టీ తాగి వచ్చేలోపు పని అయిపోయేది, ఆయిల్ డబ్బా ఖరీదు కాక చేతిలో యాభయ్యో వందో పెట్టేవాళ్ళం. ఒహాయోలో పాత 250 సీసీ బండి కొన్నాక ఒక షాపులో అడిగితే ఆయిల్, ఫిల్టరు, లేబరు అన్నీ కలిపి నూట ముప్పై డాలర్లన్నారు. కొత్తలో అందరం చేసే పనే నేనూ చేశాను, మనసులో రూపాయల్లోకి మార్చుకుని, గుండె పట్టుకుని, నేనే చేసుకుంటానని ఇంటికొచ్చేశాను.

విప్పడం బాగానే విప్పాను. నూనె కార్చాను, ఫిల్టరు మార్చాను. బిగించేటప్పుడు వచ్చింది తంటా. మాన్యువల్లో డ్రెయిన్ బోల్టుకి, అంటే నూనె కార్చడానికి ఇంజిన్ అడుగున ఉండే బోల్టుకి, 30 న్యూటన్ మీటర్ల బిగువు అని ఉంది. ఎంత బిగువు కావాలో అంకె పెట్టుకుని బిగించే టార్క్ రెంచి ఒకటి అరువు తెచ్చాను, దాని మీద రెండు వరసల అంకెలున్నాయి, ఒకటి న్యూటన్ మీటర్లు, రెండోది ఫుట్ పౌండ్లు. నేను 30 పెట్టాను, ఫుట్ పౌండ్ల వరసలో. 30 న్యూటన్ మీటర్లంటే 22 ఫుట్ పౌండ్లే. నేను పెట్టింది దాదాపు 41 న్యూటన్ మీటర్లు. బిగువు సరిపోగానే రెంచి టిక్కుమంటుందని చదివాను కాబట్టి ఆ టిక్కు కోసం చెవులు రిక్కించి తిప్పుతూనే ఉన్నాను. టిక్కు రాలేదు. అంతసేపూ గట్టిగా ఉన్న బోల్టు ఉన్నట్టుండి మెత్తబడిపోయింది, మాగిన అరటిపండులో తిరుగుతున్నట్టు. బోల్టేమో ఉక్కు, ఇంజిన్ అడుగు భాగమేమో అల్యూమినియం, నాకన్నా ముందు ఎంతమంది ఎంత మొరటుగా బిగించారో గానీ ఆ మరలు నా చేతిలో ఊడొచ్చాయి. బోల్టు బయటికి తీస్తే దాని చుట్లలో వెండి తీగలా మెలికలు తిరిగిన అల్యూమినియం. బండిని ట్రక్కు మీద పంపించి, కొత్త మరలు వేయించి తెచ్చుకునేసరికి మూడొందల డాలర్లు దాటాయి. అదే మన గాజువాక ఆటోనగర్‌లో అయితే లేత్ పనివాళ్ళు బుష్ వేసి సాయంత్రానికి చేతికిచ్చేవాళ్ళు.

అందుకని ఈసారి సెలవుల్లో చినవాల్తేరులో మా అక్కావాళ్ళింట్లో దిగగానే, ఆదివారం పొద్దున్న ఎండెక్కకముందే, బావగారి స్ప్లెండర్ దగ్గర మేనల్లుణ్ణి కూర్చోబెట్టాను.

ముందురోజే వాణ్ణి ఆయిల్ కొనుక్కురమ్మన్నాను. కొట్లో కుర్రాడు "అన్నీ ఒకటేనండీ" అని ఏదో డబ్బా ఇవ్వబోయాడట. ఒకటి కావు. స్ప్లెండర్‌కి 10డబ్ల్యూ30 గ్రేడు, అందులో డబ్ల్యూ అంటే వింటర్, ముందున్న అంకె చలిలో నూనె ఎంత పల్చగా ఉంటుందో చెబుతుంది, వెనకున్నది ఇంజిన్ వేడెక్కాక సంగతి. మనకి విశాఖలో ఆ ముందు అంకెతో పెద్ద పని లేదు గానీ మంచు కురిసే రాష్ట్రానికి వెళ్ళేవాళ్ళకి ఉంటుంది. దానికన్నా ముఖ్యం డబ్బా వెనక జాసో (జపాన్ వాళ్ళ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందా లేదా చూడటం. గేర్ల బైకుల్లో చాలావాటికి క్లచ్ పళ్ళేలు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, కారు ఆయిల్స్‌లో కొన్నిటిలో మైలేజీ కోసం జారుడు పెంచే మందులు కలుపుతారు, అది పోస్తే క్లచ్ జారడం మొదలవుతుంది, ఇంజిన్ అరుస్తుంది గానీ బండి ముందుకి పోదు. ఎంబీ అని ఉన్నది గేర్లు లేని స్కూటర్లకి. అమెరికాలో పెద్ద స్టోర్లలో కారు ఆయిల్ ఐదు క్వార్టుల క్యాను చవగ్గా కనబడి చెయ్యి లాగుతుంది, లాగనివ్వకండి.

ఇంజిన్ రెండు మూడు నిమిషాలు ఆన్‌లో ఉంచి ఆపాం. గోరువెచ్చగా ఉంటే నూనె త్వరగా జారుతుంది, అడుగున పేరుకున్న మడ్డి కూడా కదిలి వస్తుంది. మరీ ఊరంతా తిరిగొచ్చి వెంటనే విప్పితే చెయ్యి కాలుతుంది, సైలెన్సరు తగిలితే ఆ మచ్చ పెళ్ళిచూపుల దాకా ఉంటుంది. తర్వాత, కింద బోల్టు ముట్టుకోక ముందే పైన ఆయిల్ పోసే మూత విప్పించాను. వాడికి అర్థం కాలేదు. మూత బిగుసుకుపోయి రాకపోతే? ఉన్న నూనె కారిపోయి, కొత్తది పోసే దారి లేక, బండి కదిలించలేక కూర్చోవాలి. మూత కాస్త తెరిచి ఉంటే గాలాడి నూనె కూడా బేగి దిగుతుంది.

ఇక బోల్టు. చినవాల్తేరులో సముద్రపు గాలికి ఇనుము అన్నది ఏదీ తుప్పు పట్టకుండా ఉండదు, బావగారి బండి బోల్టు కూడా అంతే. వాడు నేల మీద పడుకుని స్పానర్ తగిలించి, మొహం ఎర్రబడేలా లాగుతున్నాడు, రావట్లేదు. వంగి చూస్తే బిగిస్తున్నాడు! అందరూ చేసే పొరపాటే ఇది. ఎడమకి తిప్పితే లూజు, కుడికి తిప్పితే టైటు అని మనకి తెలుసు, కానీ ఆ లెక్క బోల్టు తలకాయని ఎదురుగా చూసినప్పటిది. బండి పక్కన కూర్చుని పైనుంచి వంగి కింద ఉన్న బోల్టుని తిప్పితే దిశ తారుమారవుతుంది. నా చిట్కా ఏంటంటే, కళ్ళు మూసుకుని బోల్టు తల మీ మొహానికి ఎదురుగా ఉందనుకుని చేతితో గాలిలో తిప్పి చూసుకోండి, తర్వాతే స్పానర్ పట్టండి. రింగు స్పానర్ గానీ సాకెట్ గానీ వాడండి, నోరు తెరిచిన స్పానర్ తల మూలల్ని తినేస్తుంది.

చివరి చుట్టు దగ్గర బోల్టుని లోపలికి నొక్కిపట్టి తిప్పుతూ ఒక్కసారిగా చెయ్యి పక్కకి తీసెయ్యాలి. వాడు తియ్యలేదు. నల్లటి నూనె మోచేతి దాకా కారింది, బోల్టు బేసిన్లో పడిపోయింది. ఆ బేసిన్ మా అక్కది, బట్టలు నానబెట్టేది, ఆ గొడవ వేరే. నూనెని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూడమన్నాను. నల్లగా ఉంటే కంగారు లేదు, బోల్టుకి బూడిద రంగు మెత్తటి పేస్టులాంటిది అంటుకున్నా మామూలే. గోటికి తగిలేంత రేకులు వస్తే, లేదా నూనె పాలు కలిపిన కాఫీలా తెల్లబడితే మాత్రం కొత్త నూనె పోసి చేతులు దులుపుకోకుండా మెకానిక్‌కి చూపించాలి.

అసలు పాఠం అప్పుడు మొదలైంది. నూనె మొత్తం కారాక, పాత వాషరుతోనే వాడి చేత మూడుసార్లు బోల్టు బిగించి విప్పించాను. మొదట వేళ్ళతోనే చివరిదాకా ఎక్కాలి, మధ్యలో పట్టేస్తే అడ్డంగా ఎక్కుతున్నట్టు, వెనక్కి తీసి మళ్ళీ మొదలెట్టాలి. తర్వాత పొట్టి స్పానర్. పొడుగు స్పానర్ నేను దాచేశాను, ఎందుకంటే పొడుగైన కొద్దీ మనం ఎంత బలం వాడుతున్నామో మనకే తెలియదు. నాలుగోసారి కొత్త వాషరు వేశాం. ఆ వాషరు మెత్తటి లోహం, బోల్టు కింద నలిగి సందు మూస్తుంది, నలిగేటప్పుడు చేతికి ఒక మెత్తదనం తెలుస్తుంది, ఆ తర్వాత గట్టి పడుతుంది, అక్కడి నుంచి ఇంకాస్త, అంతే. "చాలా మావయ్యా? ఇంకొంచెం బిగించనా?" అన్నాడు. ఆ ఇంకొంచెం ఖరీదే నాకు మూడొందల డాలర్లు అని చెప్పాను.

గరాటు పెట్టి, ఆయిల్ మార్చినప్పుడు ఎంత పొయ్యాలని మాన్యువల్లో ఉందో అంతే కొలిచి పోశాం. డబ్బాలో కాస్త మిగిలితే పారేస్తామా అని మొత్తం వంపేసేవాళ్ళున్నారు, అది పొదుపు అనిపించుకోదు, ఎక్కువైన నూనె లోపల నురగ కడుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, మరో రెండు మూడు నిమిషాలు ఆగి, సెంటర్ స్టాండు మీద డిప్‌స్టిక్, అంటే నూనె మట్టం చూసే పుల్ల, చూశాం. సైడు స్టాండు మీద బండి ఒరిగి ఉంటుంది కాబట్టి లెక్క తప్పు చూపిస్తుంది. ఈ బండికి డిప్‌స్టిక్ మరలు తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. మీరు కొనబోయే బండికి దాని బదులు నూనె మట్టం కనబడే గాజు కన్నం ఉండొచ్చు, అప్పుడు ఒకరు బండిని నిటారుగా పట్టుకుంటే ఇంకొకరు చూడాలి, రూమ్మేట్లని పెట్టుకునేది ఇలాంటి పనులకే.

స్ప్లెండర్‌కి మార్చాల్సిన కాగితపు ఫిల్టరు లేదు, కానీ అక్కడ కొనే బండికి దాదాపు ఉంటుంది. డబ్బాలా ఉండే ఫిల్టరైతే పాతది తీసినప్పుడు దాని రబ్బరు రింగు కూడా ఊడివచ్చిందో లేదో చూసుకోండి, ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోతే దాని మీద కొత్త రింగు కూర్చుని, ఇంజిన్ స్టార్ట్ చెయ్యగానే నూనె చిమ్ముతుంది. కొత్త రింగుకి కాస్త కొత్త నూనె రాసి చేత్తోనే బిగించాలి. వెనక టైరు మీద నూనె పడితే సబ్బునీళ్ళతో కడిగాకే రోడ్డెక్కండి.

ఇంక అక్కడి సంగతులు. కొలతలు కొంప ముంచుతాయి. క్వార్టు అంటే 946 మిల్లీలీటర్లు, దాదాపు లీటరే గానీ లీటరు కాదు. జపాన్ బండ్లకి మిల్లీమీటరు సాకెట్లే కావాలి, 17 నంబరు దొరకలేదని సెట్టులో ఉన్న 11/16 అంగుళాల సాకెట్ తొడిగితే అది దాదాపు అర మిల్లీమీటరు వదులు, బోల్టు తల గుండ్రమైపోతుంది. టార్క్ రెంచి కొననక్కర్లేదు, ఆటోజోన్, ఓరైలీ లాంటి స్పేర్ పార్టుల దుకాణాల్లో డిపాజిట్ కడితే ఇస్తారు, తిరిగిచ్చేస్తే డబ్బు వెనక్కొస్తుంది. ఏ వరస అంకెలు చూస్తున్నారో రెండుసార్లు చూడండి, నా మీద ఒట్టు. అపార్ట్‌మెంట్ పార్కింగులో బండి రిపేర్లు చెయ్యకూడదని చాలా లీజుల్లో రాసి ఉంటుంది, చదవకుండా మొదలెడితే నోటీసు అంటిస్తారు, ఇల్లు కొనుక్కున్న స్నేహితుడి గ్యారేజీ వెతుక్కోండి, బిర్యానీ పార్సిలు పట్టుకెళ్తే ఎవరూ కాదనరు. కొత్త బండి అయితే మనమే ఆయిల్ మార్చుకున్నామన్న ఒక్క కారణంతో వారంటీ తీసెయ్యడానికి లేదు, 1975 నుంచి దానికి చట్టం ఉంది. కాకపోతే ఆయిల్, ఫిల్టరు రసీదులు దాచి, తేదీ, మైళ్ళు రాసి పెట్టుకోవాలి.

పాత నూనె గురించి మేనల్లుడికి కాస్త గట్టిగానే చెప్పాల్సి వచ్చింది. బేసిన్ ఎత్తుకుని వీధి కాలువ వైపు నడిచాడు. ఆ కాలువ గెడ్డలో కలుస్తుంది, గెడ్డ సముద్రంలో కలుస్తుంది, సాయంత్రం వీడు వెళ్ళి కాళ్ళు తడుపుకునేది ఆ సముద్రంలోనే. ఒక్క ఆయిల్ ఛేంజ్‌లో తీసిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీళ్ళని పాడు చెయ్యగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. అక్కడ కాలువలో పోస్తే ఫైన్ పడుతుంది. డబ్బాలో పోసి తీసుకెళ్తే ఇందాక చెప్పిన స్పేర్ పార్టుల దుకాణాల్లో చాలావాటిలో ఉచితంగానే తీసుకుంటారు, నీళ్ళో బ్రేక్ ఆయిలో అందులో కలపకూడదు, అంతే. ఇక్కడ మేం డబ్బాలో పోసి సందు చివర మెకానిక్ డ్రమ్ములో పోసి వచ్చాం. ఆయన మా చేతులు చూసి నవ్వి, "నా పొట్ట కొడతన్నారేటండీ" అన్నాడు.

ఆ రాత్రి బండి కింద పాత ఈనాడు పేపరు పరిచి పడుకున్నాం. పొద్దున్న నేను లేచేసరికి వాడు అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుని పేపరు వెలుతురులో పెట్టి చూస్తున్నాడు. సినిమా పేజీ మీద చిన్న మచ్చ ఒకటి ఉంది. వేలితో తాకి, వాసన చూసి, "నిన్నటిదే మావయ్యా, బోల్టుది కాదు, నేను సరిగ్గా తుడవలేదు" అన్నాడు. నేనూ వంగి బోల్టు చుట్టూ వేలు తిప్పి చూశాను, పొడిగా ఉంది. లోపల్నుంచి మా అక్క బేసిన్ ఎక్కడరా అని కేకేసింది.