'డ్రాకోనియన్' డ్రాగన్ నుంచి వచ్చిందా? 'మా బాస్ డ్రాకోనియన్' అని మనుషులకు వాడొచ్చా?

మరీ కఠినమైన అని అర్థమిచ్చే ఈ ఇంగ్లిష్ మాట డ్రాగన్ నుంచి కాదండీ, డ్రాకో అనే మనిషి పేరు నుంచి వచ్చింది. క్రీ.పూ. 621 ప్రాంతంలో ఏథెన్స్ చట్టాలను మొదటిసారి రాతలో పెట్టింది ఆయనే. అంతకుముందు అంతా నోటిమాట, గొప్పింటివాళ్లు చెప్పిందే న్యాయం. ఆ లెక్కన మేలే చేశాడు. శిక్షలు మాత్రం దారుణం: కూరగాయలో పండ్లో దొంగిలించినా మరణమే. చిన్న నేరాలకు అదే తగిన శిక్ష, పెద్దవాటికి అంతకు మించింది దొరకలేదు అని డ్రాకో అన్నాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. తర్వాత ఏథెన్స్ నాయకుడు సోలన్ వచ్చి, హత్యలకు సంబంధించినవి తప్ప మిగతా చట్టాలన్నీ కొట్టేశాడు. తమాషా ఏంటంటే, గ్రీకులో డ్రాకో పేరుకు పాము, డ్రాగన్ అనే అర్థం ఉంది. అలా చూస్తే మీ డౌటు మరీ తీసిపారేయాల్సింది కాదు.

ఇక వాడుక. చట్టం, శిక్ష, నిబంధన, ఆంక్ష లాంటి మాటల ముందే ఇది బాగా కుదురుతుంది. తప్పుకు మించిన కాఠిన్యం అనే విమర్శ అందులోనే ఉంటుంది కాబట్టి మెచ్చుకోలుగా వాడకండి. మీరు రాసిన 'మా బాస్ డ్రాకోనియన్' తప్పని అనను గానీ, 'మా బాస్ పెట్టిన రూల్స్ డ్రాకోనియన్' అంటే సహజంగా ఉంటుంది. మనిషి గురించి చెప్పాలంటే 'స్ట్రిక్ట్' చాలు.