పుట్టుమచ్చ తీయించుకునే ముందు

చిన్నీ,

చెంప మీది పుట్టుమచ్చ లేజర్‌తో తీయించుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీ ముఖం, నీ ఇష్టం. అందం కోసం తీయించుకుంటే తప్పేమీ లేదు, ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు. అన్నీ నీ అంతట నువ్వే కనుక్కుంటున్నావని విని మురిసిపోయాను కూడా. ఆ లేజర్ దగ్గరే నా గుండె గతుక్కుమంది.

లేజర్‌తో కాల్చేస్తే ముక్క మిగలదు. ముక్క లేకపోతే పరీక్షకు పంపేదేముంటుంది? మామూలు మచ్చయితే సరే. ఖర్మకాలి అది మెలనోమా, అంటే రంగు కణాల్లో పుట్టే చర్మ క్యాన్సర్ అయితే, పైన రంగు పోయినా అడుగున కణాలు మిగిలిపోవచ్చు. చర్మం నున్నగా మానేసరికి ఎవరికీ అనుమానం రాదు. ఆ జబ్బులో అన్నిటికంటే ముఖ్యం లోతు. 1 మిల్లీమీటరు లోపు ఉండగా కోసేస్తే చాలామందికి అక్కడితో తీరిపోతుంది. దిగేకొద్దీ లింఫ్ గ్రంథులకు పాకే ముప్పు పెరుగుతుంది. ఆ లోతు కొలవాలంటే మచ్చ ముక్కగా చేతికి రావాలి. ఇంకో చిక్కుంది. అరకొరగా పోయిన మామూలు మచ్చ ఆ గాయం మీదే మళ్లీ రంగు తేలితే, మైక్రోస్కోపు కింద మెలనోమాలాగే కనబడి మోసం చేస్తుంది. పాత రిపోర్టు లేకపోతే ముక్కను పరీక్షించే డాక్టరు, అదే పాథాలజిస్టు, తల పట్టుకోవాల్సిందే. మచ్చలు రాల్చే క్రీములదీ ఇదే తంతు, పైగా పుండు.

అందుకని ముందు స్కిన్ డాక్టరును డెర్మోస్కోప్, అంటే మచ్చను పెద్దగా చూపే లైటున్న భూతద్దం, పెట్టి చూడమను. తీయాలనుకుంటే కత్తితోనే తీయించుకో. ఉబ్బెత్తు మచ్చయితే చర్మం మట్టానికి చెక్కేస్తారు. కుట్లుండవు, కానీ కొన్నిసార్లు మళ్లీ వస్తుంది. అనుమానమున్న మచ్చయితే చుట్టూ సుమారు 2 మిల్లీమీటర్ల మామూలు చర్మంతో సహా పూర్తిగా కోసి కుట్లేస్తారు. ఏదైనా సరే, ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం సీసాలో, సీసా మీద నీ పేరుతో ల్యాబుకు వెళ్లాల్సిందే. "మామూలుదేనండీ, అక్కర్లేదు" అన్నా ఒప్పుకోకు. రిపోర్టు అడిగి తీసుకుని దాచుకో.

మత్తుసూది కాసేపు చురుక్కుమంటుంది, అంతే. రక్తం పలచబడే మందులేవైనా వాడుతుంటే ముందే చెప్పు, నీ అంతట నువ్వు ఆపకు. పాత గాయాలు ఎప్పుడైనా బొడిపెల్లా ఉబ్బి ఉంటే అదీ చెప్పు. ముఖం మీది కుట్లు 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు, వీపు మీదివైతే 10 నుంచి 14. పెచ్చు కట్టకుండా పెట్రోలియం జెల్లీ రాస్తుండు. గిల్లావంటే మాత్రం ఊరుకోను.

ఉన్న మచ్చలన్నీ ఏరి తీయించేసుకుంటే భయం తీరుతుందనుకోకు. మెలనోమా ఎక్కువగా మచ్చలేని చర్మం మీదే కొత్తగా పుడుతుంది. రెండు సగాలు పొంతన లేకపోయినా, అంచులు చెదిరినా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నా, 6 మిల్లీమీటర్లు దాటినా చూపించు. ఒంటి మీది మిగతా మచ్చలతో పోలిక లేనిదీ, కొద్ది నెలల్లోనే మారుతున్నదీ, రక్తం కారేదీ అయితే అసలు ఆగకు. మచ్చలో వెంట్రుక మొలిస్తే మాత్రం కంగారక్కర్లేదు, కత్తిరించుకో.

చెంప సంగతి సరే, అరికాళ్లు ఎప్పుడైనా చూసుకున్నావా? మనలాంటి చామనఛాయ వాళ్లకు ఈ జబ్బు ఎక్కువగా అరికాళ్లలో, అరచేతుల్లో, గోళ్ల కింద వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కిందే బయటపడింది. 1981లో పోయేనాటికి ఆయనకు 36 ఏళ్లు. ఒకే గోట్లో నల్లగీత వెడల్పవుతున్నా, గోరు మొదట చర్మానికి ఆ రంగు పాకినా, చెంప కంటే ముందు అది చూపించు. ఈ రాత్రే వెలుతురులో కూర్చుని వేళ్ల సందులు కూడా చూసుకో. మీ అమ్మవీ చూడు, తనకు దగ్గరి చూపు ఆనదు.

పెద్దమ్మ