రెండో వెర్షన్ ఎక్కించే ముందు

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సగం సగం చెప్పి పెట్టేశాను, నాకే తృప్తి లేదు. అందుకే రాస్తున్నాను. కొత్త వెర్షన్ ఎక్కిస్తే పాతది పోకుండా కంట్రోల్ ప్యానెల్లో రెండు పేర్లు కనిపిస్తున్నాయన్నావు. వెర్షన్లు 2.1.0.5, 2.1.0.6 అన్నావు. తిరకాసు అక్కడే ఉంది.

ప్రోగ్రాముల్ని ఎక్కించే, తీసేసే విండోస్ ఇన్‌స్టాలర్ వెర్షన్లో మొదటి మూడు అంకెలే చూస్తుంది, నాలుగోదాని మొహం కూడా చూడదు. దాని లెక్కలో నీ రెండు వెర్షన్లూ ఒకటే. ప్రోగ్రాముని గుర్తుపట్టే ప్రొడక్ట్ కోడ్ మాత్రం వేరు కాబట్టి పాతదాని పక్కనే కొత్తదానికీ పీట వేసింది. ఇకమీదట మూడో అంకె పెంచు. ఇంకో సంగతి, మొదటి రెండు అంకెలు 255 దాటకూడదు, మూడోది 65535 దాకా పోవచ్చు. ‘మన ప్రొడక్టుకి 2025.1 అని పెడదాం’ అని మార్కెటింగ్ వాళ్లు వస్తారు చూడు, వాళ్లకి ఈ మాట ముందే చెప్పి పెట్టు.

కోడ్‌లతో కంగారుపడకు. అప్‌గ్రేడ్ కోడ్ ఇంటిపేరు, తరాలు మారినా అదే ఉండాలి. ప్రొడక్ట్ కోడ్ ఆ తరంలో పుట్టిన మనిషి పేరు. ప్యాకేజ్ కోడ్ ఆ ఇన్‌స్టాల్ ఫైలు గుర్తు, బిల్డ్ చేసిన ప్రతిసారీ మారాలి. ప్రొడక్ట్ కోడ్ మార్చకుండా ఎక్కించే మైనర్ అప్‌గ్రేడ్ జోలికి మాత్రం పోకు, దానికి ప్రత్యేకంగా కమాండ్ ఇవ్వాలి, మామూలుగా డబుల్ క్లిక్ చేసినవాడికి 1638 ఎర్రర్ వస్తుంది. ప్యాకేజీలు తయారుచేసే విక్స్ టూల్లో, పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టే మేజర్ అప్‌గ్రేడ్ ట్యాగ్ ఒక్కటి పెట్టుకుంటే నూటికి తొంభై సార్లు సరిపోతుంది.

ఆ మిగతా పది గురించే నా బాధంతా. ఒకసారి మేము ఒక డీఎల్ఎల్‌ని, అంటే ప్రోగ్రాము వాడుకునే కోడ్ ఫైలుని, పాత వెర్షన్‌కి వెనక్కి తిప్పాం. 5.2లో ఏదో బగ్ ఉందని కొత్త ప్యాకేజీలో 5.1 పెట్టాం. ఇన్‌స్టాల్ సక్సెస్ అంది. అప్లికేషన్ తెరిస్తే డీఎల్ఎల్ లేదు! పాతదీ లేదు, కొత్తదీ లేదు. రిపేర్ కొడితే బుద్ధిగా వచ్చి కూర్చుంటుంది. రెండు రోజులు జుట్టు పీక్కున్నాం. జరిగిందేమిటంటే, ఇన్‌స్టాలర్ ఏ ఫైళ్లు పెట్టాలో ముందే లెక్క కట్టేసుకుంటుంది. డిస్కు మీద 5.2 ఉంది, నా దగ్గరున్నది 5.1, పెద్దది ఉండగా చిన్నదెందుకు అనుకుంది. ఆ తర్వాత పాత ప్రొడక్టుని తీసేసింది, దాంతోపాటు 5.2 కూడా పోయింది. లెక్క మళ్లీ చూసుకోదు. ఇన్‌స్టాలర్ చేసిన పనులన్నీ రాసుకునే లాగ్‌లో ‘డిస్‌అలోయింగ్ ఇన్‌స్టలేషన్ ఆఫ్ కాంపొనెంట్’, అంటే ఈ భాగాన్ని ఎక్కించనని, ఒక లైను ఉంటుంది, దాన్ని వెతుకు. దబాయించి అన్ని ఫైళ్లూ మీద రాసే పద్ధతి ఒకటుంది గానీ, ఇతరులతో పంచుకునే ఫైళ్లని కూడా తొక్కేస్తుంది, నాకు ఇష్టం లేదు. మేము పాత కోడ్‌నే 5.3 అని మళ్లీ బిల్డ్ చేయించాం.

కస్టమర్ మార్చుకున్న కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలుకీ ఇదే గతి పడుతుంది. పాతది ముందుగా తీసేస్తే వాళ్ల మార్పులూ పోతాయి. ఆ ఫైలుని ప్యాకేజీలో పెట్టకు, అప్లికేషనే మొదటిసారి తెరిచినప్పుడు సృష్టించుకోనీ.

ఇక రీబూట్. దీంట్లో నేను తిన్న చీవాట్లు ఇంకెవరూ తినుండరు. ఒక ఆసుపత్రిలో అప్‌డేట్‌ని సైలెంట్‌గా పంపించాను, కమాండ్ చివర ‘నోరీస్టార్ట్’ పెట్టడం మర్చిపోయాను. సైలెంట్‌లో అడగడానికి తెర ఉండదు కదా, రీబూట్ అవసరమైతే తనే చేసేస్తుంది. సోమవారం పొద్దున పది గంటలకి బిల్లింగ్ కౌంటర్లు వరసగా ఆరిపోయాయి. సగం ప్రింటయిన బిల్లు పట్టుకుని ఒక పెద్దాయన ‘మిగతాది ఎప్పుడొస్తుంది బాబూ’ అని అడుగుతున్నాడని అక్కడి కుర్రాడు ఫోన్ చేసి చెప్పాడు. ఏం చెప్పను!

నోరీస్టార్ట్ పెడితే ఇన్‌స్టాలర్ చివర్లో 3010 అనే కోడ్ ఇచ్చి ఊరుకుంటుంది. పని అయింది, రీబూట్ బాకీ ఉందని దానర్థం. దాన్ని ఫెయిల్యూర్ కింద రాసే స్క్రిప్టులు చాలా చూశాను, నువ్వలా రాయకు. 1641 వస్తే మాత్రం రీబూట్ మొదలైపోయిందన్నమాట.

అసలు రీబూట్ అవసరమే రాకుండా చూడు. వాడకంలో ఉన్న డీఎల్ఎల్ మీద విండోస్ రాయనివ్వదు. కొత్తదాన్ని పక్కన పెట్టి, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ‘పెండింగ్ ఫైల్ రీనేమ్ ఆపరేషన్స్’ అనే వాల్యూలో చీటీ రాసి పెడుతుంది, మళ్లీ బూట్ అయ్యేటప్పుడు మార్చుకుంటుంది. ఆ ఫైలుని పట్టుకుని కూర్చునేది చాలాసార్లు తెర వెనక నడిచే మన సొంత సర్వీసే! ప్యాకేజీలోని సర్వీస్ కంట్రోల్ టేబుల్లో దాన్ని ఆపమని రాయి, సగం రీబూట్లు అక్కడే పోతాయి. గడియారం పక్కన కూర్చునే చిన్న ప్రోగ్రాముల్ని విండోస్‌లోని రీస్టార్ట్ మేనేజర్ మర్యాదగా మూయించి మళ్లీ తెరుస్తుంది, విస్టా నుంచీ ఉంది. అయితే మన ప్రోగ్రాము ఆ మాట వినేలా రాసి ఉండాలి, డెవలపర్ల వెంటపడి రాయించుకో.

ఎవరు పట్టుకున్నారో లాగ్‌లో ‘ఇన్ఫో 1603’ దగ్గర ప్రాసెస్ పేరుతో సహా ఉంటుంది. ఇన్‌స్టాల్ ఫెయిలైనప్పుడు వచ్చే 1603 వేరు, ఇది వేరు. రెండింటికీ ఒకే నంబర్ పెట్టిన మహానుభావుడెవరో గానీ నా ఉసురు తగలకపోదు.

టెస్ట్ చేసేటప్పుడు అప్లికేషన్ తెరిచి ఉంచి, సర్వీసు నడుస్తుండగా, కస్టమర్ దగ్గరున్న పాత వెర్షన్ మీద ఎక్కించి చూడు. ఖాళీ మెషిన్లో ఎవరికైనా ఎక్కుతుంది.

మూడో అంకె మార్చాక కూడా రెండు పేర్లు కనిపిస్తే, ఒకటి యూజర్ వరకే, రెండోది మెషిన్ మొత్తానికీ ఎక్కించావేమో చూసుకో. అలా అయితే ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. అదీ కాదంటే కమాండ్‌లో స్లాష్ ఎల్, స్టార్, వీ పెట్టి లాగ్ తీసి పంపు. స్క్రీన్‌కి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టకు తల్లీ, కళ్లజోడు పెట్టుకున్నా కనపడట్లేదు. ఫైలు పంపు.

మీ బాబాయి