పాయింట్ క్లౌడ్ చేతికొచ్చాక

చిరంజీవికి ఆశీస్సులు.

సైటు లేజర్ స్కానింగ్ పూర్తయిందనీ, ఒక్కో చోటి స్థానం, ఎత్తు చెప్పే కోట్ల కొద్దీ పాయింట్లు (పాయింట్ క్లౌడ్ అంటే ఇవే) వచ్చి పడ్డాయనీ, వాటిని సైట్ మోడల్‌గా మార్చే పని ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. ముందు ఆ మోడల్ వాడబోయేవాళ్లతో మాట్లాడు. వాన నీరు ఎటు పోతుందో చూడాలా, మట్టి తవ్వకం లెక్క కట్టాలా, చెట్లను కాపాడుతూ దారి వేయాలా? జవాబును బట్టి నీ పని సగానికి సగం మారిపోతుంది. ఎవరూ అడగని బెంచీల కాళ్లు గీస్తూ రోజులు గడిపినవాళ్లు ఈ వృత్తిలో చాలామందే ఉన్నారు.

ముడి ఫైలు జోలికి వెళ్లకు, కాపీ మీదే పని చెయ్యి.

మొదటి చిక్కు నిరూపకాల దగ్గర, అంటే పాయింటు స్థానం చెప్పే అంకెల దగ్గర వస్తుంది. ఉత్తరం వైపు దూరం చెప్పే విలువ 15 లక్షల మీటర్లు అనుకో. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ సంఖ్యను 32 బిట్లలోనే దాచుకుంటాయి. అంత పెద్ద సంఖ్య దగ్గర వాటికి అందే అతి చిన్న తేడా 12.5 సెంటీమీటర్లు. మిల్లీమీటర్లలో కొలిచిన నేల చారలు చారలుగా విడిపోయి కనిపిస్తుంది. స్కానర్‌ను తిట్టుకోకు. మొత్తం క్లౌడ్‌ను దగ్గరి మూలబిందువుకు జరిపి, ఎంత జరిపావో రాసి పెట్టుకో. ఎత్తుల్లోనూ జాగ్రత్త. ఉపగ్రహ రిసీవర్ నేరుగా ఇచ్చేది ఎలిప్సాయిడ్ (లెక్కల కోసం భూమికి ఊహించిన నున్నటి ఆకారం) మీది ఎత్తు. సముద్రమట్టం లెక్కతో దానికి పదుల మీటర్ల తేడా ఉండవచ్చు.

అసలు పని నేలను వేరు చేయడం. క్లౌడ్‌కంపేర్ అనే సాఫ్ట్‌వేర్‌లో సీఎస్ఎఫ్ (వస్త్రాన్ని అనుకరించే పద్ధతి) అనే ఫిల్టర్ ఉచితంగానే దొరుకుతుంది. అది క్లౌడ్‌ను తలకిందులు చేసి, పైనుంచి ఒక ఊహా వస్త్రాన్ని జారవిడుస్తుంది. వస్త్రానికి దగ్గరగా ఉన్న పాయింట్లే నేల. వస్త్రం మరీ బిరుసుగా ఉంటే గట్ల అంచులు తెగిపోతాయి, మరీ మెత్తగా ఉంటే పొదలు కూడా నేలలో కలిసిపోతాయి. అందుకే ఒకే సెట్టింగ్‌తో సైటంతా నడిపించకు, వాలు ప్రాంతాన్నీ చదును ప్రాంతాన్నీ విడదీసి చెయ్యి. ఆ తర్వాత నిలువు కోతలు తీసి కళ్లతో చూడు. పాయింట్లను దాచే లాస్ (LAS) ఫైలులో నేలకు కోడ్ 2, భవనాలకు 6, నీటికి 9. ఈ అంకెలు సరిగ్గా పెడితే తర్వాతివాళ్లు నిన్ను తలచుకుంటారు.

దట్టమైన గడ్డి విషయంలో ఏ ఫిల్టరూ ఆదుకోదు. లేజర్ మట్టిదాకా చేరనే లేదు కాబట్టి అక్కడ అన్నిటికంటే కింది పాయింటు కూడా గడ్డే. అలాంటి చోట టోటల్ స్టేషన్‌తో (కోణాలూ దూరాలూ కొలిచే సర్వే పరికరం) కొన్ని ఎత్తులు విడిగా కొలిచి రా. కుదరకపోతే ఆ మేర గీత గీసి, ఇక్కడి ఎత్తు నమ్మదగినది కాదని మోడల్‌లోనే చెప్పు. నీటి మీద కూడా ఖాళీలే మిగులుతాయి. సాఫ్ట్‌వేర్ పాయింట్లను త్రిభుజాలుగా కలిపి ఉపరితలం కడుతుంది కదా, ఆ ఖాళీలను పొడవాటి త్రిభుజాలతో నింపనివ్వకు, ఒడ్డు గీత గీసి ఆపు.

ఇక పాయింట్లు తగ్గించడం. అన్నిచోట్లా సమానంగా పలుచన చేయడం బద్ధకస్తుల పద్ధతి. చదునైన మైదానానికి కొన్ని చాలు, వాలు మారే చోటనే దట్టంగా ఉండాలి. ఉదాహరణకు 15 సెంటీమీటర్ల కాలిబాట అంచు తీసుకో. పాయింట్లు 25 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, ఒక త్రిభుజం పై అంచు నుంచి రోడ్డు మీదికి వాలిపోతుంది. నిటారు అంచు కాస్తా వాలుగా మారి, నీటి ప్రవాహం లెక్క తప్పుతుంది. పై అంచుకొకటి, కింది అంచుకొకటి బ్రేక్‌లైన్ (త్రిభుజాలు దాటకూడని అంచు గీత) గీయి. రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడకూడదు, ఎందుకంటే టిన్ (TIN, త్రిభుజాలతో అల్లిన) ఉపరితలంలో ఒక స్థానానికి ఒకే ఎత్తు ఉంటుంది. కొన్ని మిల్లీమీటర్లు పక్కకు జరిపితే సరిపోతుంది. గోడలకూ ఇదే పద్ధతి. చెట్లకైతే కాండం స్థానం, మొదట్లో నేల ఎత్తు, కొమ్మల విస్తీర్ణం చాలు. ఆకులన్నీ మోడల్‌లోకి మోసుకుపోకు.

సరిచూసుకోవడానికి రిజిస్ట్రేషన్‌లో, అంటే వేర్వేరు స్కాన్లను ఒకదానితో ఒకటి కలిపేటప్పుడు, వాడని పాయింట్లే తీసుకో. తారు మీద దోషం ఎంత, గడ్డి మీద ఎంత అన్నది వేర్వేరుగా చెప్పు. రెండూ కలిపి ఒకే సగటు చూపించేవాళ్లను నేను నమ్మను.

అంతా అయ్యేదాకా ఆగకుండా, ముందు సైటులో ఒక మూలను మాత్రమే పూర్తి చేసి వాళ్లకు పంపు. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో అది తెరుచుకుంటోందో, సరైన చోటే కూర్చుంటోందో కనుక్కున్నాకే మిగతాది మొదలుపెట్టు.