మేడ లేని కోటకి అంత దూరం వెళ్లాలా?

ప్రశ్న: మా అబ్బాయి జపాన్‌లో ఫుకుఓకాలో ఉద్యోగం చేస్తున్నాడు. మే నెలలో మేం వెళ్తున్నాం. అక్కడ హగి అనే ఊళ్లో సముద్రం ఒడ్డున పాత కోట ఉందట, చూద్దామంటే "అక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవమ్మా" అంటున్నాడు. పైగా నాకు మోకాళ్ల నొప్పులు. వెళ్లడం దండగంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీవాడు అబద్ధం చెప్పలేదండీ. అక్కడున్న ఐదంతస్తుల మేడని 1874లోనే కూల్చేశారు. అయినా నేను వెళ్లమనే అంటాను.

1600లో సెకిగహర యుద్ధంలో ఓడిన పక్షానికి పెద్ద మోరి తెరుమొతో. గెలిచి, ఆ తర్వాత జపాన్‌ని ఏలిన తొకుగవ వంశం వాళ్లు అతని రాజ్యాన్ని కత్తిరించి రెండు ప్రావిన్సులే మిగిల్చారు. హిరోషిమా వదులుకుని 1604లో ఈ మూలకొచ్చి కోట మొదలుపెట్టాడు. వెనక షిజుకి కొండ, కొండ వెనక సముద్రం, ముందు కందకాలు. రెండున్నర శతాబ్దాలు పోయాక తొకుగవ పాలనని కూలదోసినవాళ్లలో ముందున్నది ఈ మోరి వాళ్ల మనుషులే. తీరా వాళ్లు తెచ్చిన కొత్త ప్రభుత్వమే అక్కర్లేని కోటలు వదిలించుకోమంది. గెలిచినా కోట దక్కలేదు, చూడండి!

మేడ నిలిచిన రాతి దిమ్మ మాత్రం చెక్కుచెదరలేదు. గోడ కింద వాలుగా మొదలై పైకి పోయేకొద్దీ నిటారుగా లేస్తుంది. దాని మీద పునాది రాళ్లు ఇంకా వరసల్లో ఉన్నాయి. అక్కడిదాకా నేల చదునే, మీ మోకాళ్లకి టెన్షన్ లేదు.

కొండ ఎత్తు 143 మీటర్లు. ఎక్కడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, అబ్బాయిని పంపండి. పైన బండరాళ్ల మీద కుట్టుమిషన్ కుట్టులా వరసగా బెజ్జాలుంటాయి. రాయి చీల్చడానికి మేకులు దిగ్గొట్టే బెజ్జాలవి. కొన్ని బండలకి బెజ్జాలు కొట్టి, చీల్చకుండానే వదిలేశారు. వేలు పెట్టి చూస్తే ఉలి గరుకు తగులుతుంది. నాకైతే మేడ కంటే ఇవే ముద్దు.

మేలో వెళ్లడం మంచిదే. కొత్త ప్రభుత్వం వచ్చాక జీతాలు పోయిన సమురాయ్‌లు, అంటే ప్రభువుల కొలువులో ఉన్న యోధులు, బతుకుతెరువుకి తమ పెరళ్లలో నత్సుమికాన్ అనే పుల్ల నారింజ వేశారు. ఆ పూల వాసన అప్పుడు మట్టి గోడలు దాటి వీధిలోకొస్తుంది.

షింకాన్సెన్ అనే బుల్లెట్ రైల్లో వెళ్లి షిన్-యమగుచి స్టేషన్లో దిగి బస్సెక్కితే గంట, గంటంబావు. ఊళ్లో సైకిళ్లు అద్దెకిస్తారు, టౌన్ బస్సూ ఉంది. మేడే చూడాలనుంటే మాత్రం, అది ఇంకా నిలిచున్న హిమెజి కోటకి టికెట్ తీయించుకోండి.